బండి వేడిగా ఉన్నప్పుడే నబ్జ్ చూడాలి

మా ఇంట్లో వారానికి మూడు రోజులు ఫజర్ నమాజ్ కాగానే కారు బయటికి తీయాలి. మంగళవారం, గురువారం, శనివారం. అమ్మీకి డయాలిసిస్. చిలకలూరిపేట నుంచి గుంటూరుకు దాదాపు 40 కిలోమీటర్లు. ఏడు గంటలకల్లా అమ్మీ మిషన్ మీద ఉండాలి. నాలుగు గంటలు పడుతుంది. పదకొండు దాటాక మళ్లీ ఇంటిదారి. అల్లా దయవల్ల ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద డయాలిసిస్‌కు మాకు పైసా ఖర్చా లేదు. ఖర్చంతా రాకపోకలదే. తమ్ముడు దమ్మామ్ నుంచి పైసలు పంపి మూడేళ్ల కిందట ఒక సెకండ్ హ్యాండ్ కారు కొనిపించాడు. 2009 మోడల్, పెట్రోల్ బండి. ఇంట్లో డ్రైవింగ్ వచ్చింది నాకొక్కదానికే. మా ఆయనకు స్కూటర్ దాటి ఏదీ రాదు.

కాబట్టి మా ఇంట్లో కారంటే షౌక్ కాదు, జరూరత్. అది మొరాయిస్తే అమ్మీ ఒంట్లో నీళ్లు నిలుస్తాయి, పాదాలు వాస్తాయి, రాత్రి పడుకుంటే దమ్ ఆడదు. అందుకే పోయిన ఎండాకాలం ఆ బండికి పట్టుకున్న మర్జ్ గురించి, దాన్ని ఎలా కనిపెట్టామన్న దాని గురించి కాస్త వివరంగా రాస్తున్నాను. మీ ఇళ్లలోనూ పాత బళ్లుంటాయి. ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది.

మర్జ్ ఇదీ. పొద్దున ఫజర్ తర్వాత తాళం తిప్పితే మొదటి సెల్ఫ్‌కే బండి స్టార్ట్ అయ్యేది. దారిలో ఎక్కడా ఒక్క ఝట్కా లేదు. ఆసుపత్రి దగ్గర నాలుగు గంటలు ఆగి వచ్చాక కూడా షరాఫత్‌గా స్టార్ట్ అయ్యేది. కానీ బాగా నడిచాక మధ్యలో ఒక పది, పదిహేను నిమిషాలు ఆపామో, ఇక అంతే. సెల్ఫ్ జోరుగా తిరుగుతుంది, ఇంజను మాత్రం అందుకోదు. అరగంట, ముప్పావు గంట వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్ట్ అవుతుంది.

మే నెలలో ఒక గురువారం తిరిగి వస్తుంటే యడ్లపాడు దగ్గర అమ్మీకి కాళ్లు కొంకర్లు పోయాయి. డయాలిసిస్ అయిన రోజున ఇది మామూలే. బండి పక్కకు తీసి, సీటు వెనక్కి వాల్చి, పిక్కలు ఒత్తాను. పావుగంటలో నొప్పి తగ్గింది. తాళం తిప్పితే బండి లేవలేదు. నడినెత్తిన ఎండ, ఏసీ లేదు, హైవే మీద లారీల వేడి గాలి. మామూలు మనిషికైతే సీసాడు నీళ్లు తాగించి కూర్చోబెట్టొచ్చు. అమ్మీకి రోజు మొత్తం మీద తాగే నీళ్లకు కొలత ఉంది. మూతతో పోసుకుని పెదవులు తడుపుకుంది. "సబ్ర్ కర్ బేటీ, చల్లారితే అదే లేస్తుంది" అని నాకే ధైర్యం చెప్పింది. నలభై నిమిషాలు దుపట్టాతో విసురుతూ కూర్చున్నాను. ఆ తర్వాత బండి లేచింది. ఇంటికెళ్లి బీపీ చూస్తే పైది తొంభైకి దిగి ఉంది.

ఆ వారమే ఇలాజ్ మొదలుపెట్టాం. మొదటి గ్యారేజీలో "స్టార్ట్ అవట్లేదు" అన్న మాట వినగానే బ్యాటరీ మార్చారు. 4,800 రూపాయలు. రెండు రోజులకు మళ్లీ అదే తక్లీఫ్. రెండో గ్యారేజీలో ట్యాంకులోని పెట్రోల్ పంపు మార్చారు, 6,200. దాంతోపాటు ప్లగ్గులు, 900. మొత్తం 11,900 రూపాయలు పోయాయి. మర్జ్ మాత్రం ఇంట్లోనే ఉంది. రెండుచోట్లా ఒకటే జరిగింది. నేను బండిని అక్కడిదాకా తీసుకెళ్లి వదిలేసి రావడం, వాళ్లు తీరుబడిగా సాయంత్రం చూడడం. అప్పటికి అది చల్లారి ఉంటుంది. తాళం తిప్పగానే స్టార్ట్ అవుతుంది. "బండి బాగానే ఉంది కదమ్మా, మీవారిని పంపండి, మాట్లాడతాం" అనేవాళ్లు. ఇంటాయన వెళ్తే ఏం చెబుతారు? నడిపేది నేను.

అమ్మీ డయాలిసిస్‌కు ఒక నోట్‌బుక్ ఉంది. ప్రతిసారీ ముందు బరువు, తర్వాత బరువు, బీపీ, ఎన్ని నీళ్లు తీశారు, మధ్యలో ఏమైనా తక్లీఫ్ వచ్చిందా, అన్నీ అందులో రాస్తాం. డాక్టర్ సాబ్ కొత్త గోలీ రాసేముందు ఆ నోట్‌బుక్ వెనక్కి తిరగేస్తారు. దాని చివరి పేజీల్లో కారుకూ ఒక హిసాబ్ మొదలుపెట్టాను. ఎంత దూరం నడిచాక ఆపాను, ఎంతసేపు ఆపాను, సెల్ఫ్ ఎలా తిరిగింది, పెట్రోల్ వాసన వచ్చిందా, ఎన్ని నిమిషాలకు లేచింది. మూడు వారాల్లో ఎనిమిది సార్లు రాశాను. పది నిమిషాల లోపు ఆపితే ఒక్కసారి కూడా మొరాయించలేదు. గంట దాటినా మొరాయించలేదు. పది నిమిషాలకూ నలభై నిమిషాలకూ మధ్యనే ఎనిమిదిసార్లూ.

ఆ పేజీ చదివిన ఉస్తాద్ అమ్మీకి ఎదుటి బెడ్ మీద ఉండేవారు. గుంటూరు ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసిన మెకానిక్. కిడ్నీలు పాడై రెండేళ్లుగా ఆయనా ఇదే షిఫ్టులో డయాలిసిస్ చేయించుకుంటున్నారు. ఎడమచేతికి ఫిస్టులా పెట్టారు కాబట్టి ఆ చేత్తో బరువు ఎత్తకూడదు. దుకాణం శాగిర్ద్ చూసుకుంటున్నాడు. మిషన్ మీద నాలుగు గంటలు పడుకుని ఉన్న మనిషికి బండి కబురు దొరికితే ఈద్ వచ్చినట్టే. నన్ను స్టూల్ లాక్కుని కూర్చోమని, నోట్‌బుక్ కుడిచేత్తో పట్టుకుని రెండుసార్లు చదివారు.

"బేటీ, నువ్వు సగం పని చేశావు" అన్నారు. "ఠండీ బండి తీసుకెళ్లి వేడి మర్జ్ చూపిస్తే ఎవరు మాత్రం ఏం చెబుతారు? జ్వరం దిగాక హకీమ్ దగ్గరికెళ్లి జ్వరం చూడమన్నట్టు."

పదీ నలభై నిమిషాల మధ్యనే ఎందుకు అని అడిగాను. ఆయన చెప్పింది నాకు అర్థమైన మేరకు ఇదీ. ఇంజను నడుస్తున్నంతసేపూ నీళ్ల పంపు తిరుగుతుంది, రేడియేటర్‌లో నీళ్లు చల్లారుతుంటాయి, గాలి తగులుతుంటుంది. తాళం తీయగానే నీళ్లు నిలిచిపోతాయి. ఇంజను బ్లాకులో ఉన్న వేడి ఎటూ పోలేక బానెట్ కింద ఉన్న వస్తువుల మీదికి ఎక్కుతుంది. అంటే ఆపిన కాసేపటికి బానెట్ కింద వేడి తగ్గదు, నడుస్తున్నప్పటి కంటే పెరుగుతుంది. ఆ తర్వాతే మెల్లగా దిగుతుంది. దించిన డేగ్ మూత పెట్టేస్తే లోపల బియ్యం ఇంకా ఉడుకుతూనే ఉంటుంది కదా, అలాగన్నమాట. వేడికి ఓర్చుకోలేని వస్తువు ఏదో సరిగ్గా ఆ వక్త్‌లోనే పడిపోతోంది.

నాకు మా మామూ గుర్తొచ్చారు. ఆయన కార్బరేటర్ రోజుల్లో టాక్సీ నడిపేవారు. ఎండాకాలం సీటు కింద ఒక గుడ్డ, ఒక నీళ్ల సీసా ఎప్పుడూ ఉండేవి. బండి వేడెక్కి మొరాయిస్తే గుడ్డ తడిపి పెట్రోల్ పంపు మీద వేసేవారు. ఉస్తాద్‌కు చెబితే నవ్వారు. "అప్పట్లో పంపు ఇంజను పక్కనే ఉండేది. వేడికి పైపులో పెట్రోల్ ఆవిరైపోతే పంపు ఆ ఆవిరిని లాగలేదు. తడిగుడ్డ వేస్తే ఆవిరి మళ్లీ పెట్రోల్ అయ్యేది. నీ బండి ఇంజెక్షన్ బండి. పంపు ట్యాంకులో ఉంటుంది, పెట్రోల్‌ను సుమారు 3 బార్ ప్రెషర్‌తో తోస్తుంది. ప్రెషర్‌లో ఉన్న పెట్రోల్ అంత తేలిగ్గా ఆవిరి కాదు. ప్రెషర్ నిలవకపోతే మాత్రం అనుమానించాలి. కానీ అనుమానం ఇల్జామ్ మాత్రమే, సబూత్ కాదు."

ఆ రోజు ఆయన నాకు కొన్ని సవాళ్లు రాయించారు. బండి మొరాయించిన ఆ నిమిషంలోనే జవాబు చూడాలని తాకీదు.

మొదటిది, సెల్ఫ్ ఎలా తిరుగుతోంది? టక్‌మని ఊరుకున్నా, నీరసంగా తిరిగినా బ్యాటరీ, దాని టెర్మినళ్లు, వేడెక్కిన స్టార్టర్ మోటారు, ఇవి చూడాలి. జోరుగా తిరుగుతూ ఇంజను అందుకోకపోతే వాటికి మాఫీ. మా బండి రెండో రకం. ఈ ఒక్క సవాల్ ముందే అడిగి ఉంటే బ్యాటరీ పైసలు మిగిలేవి.

రెండోది, తాళం ఆన్ చేసి సెల్ఫ్ కొట్టకుండా వెనక సీటు కింద చెవి పెట్టు. రెండు మూడు సెకన్లు పంపు గుయ్‌మనాలి. అలా మూడుసార్లు ఆన్, ఆఫ్ చేసి అప్పుడు సెల్ఫ్ కొట్టు. వెంటనే స్టార్ట్ అయితే పైపులో ప్రెషర్ దిగిపోతోందని అందాజా. పంపులోని వాల్వ్ గానీ, ఇంజెక్టర్ గానీ కారుతుండొచ్చు. అప్పుడు కూడా గేజ్ పెట్టి ప్రెషర్ కొలిచాకే ఏదైనా మార్చాలి.

మూడోది, పెట్రోల్ వాసన గట్టిగా వస్తోందా? వస్తే ఇంజనులో పెట్రోల్ ఎక్కువైందేమో. ఇంజెక్షన్ బళ్లలో చాలావాటికి ఒక వసతి ఉంది. యాక్సిలరేటర్ పూర్తిగా కిందికి తొక్కి సెల్ఫ్ కొడితే కంప్యూటర్ పెట్రోల్ ఆపేసి గాలి మాత్రమే పంపుతుంది. అలా చేస్తే గొణుక్కుంటూ, పొగ వదులుతూ స్టార్ట్ అయిందంటే కారే ఇంజెక్టర్‌ను, ఇంజను వేడి చెప్పే సెన్సార్‌ను చూడాలి. ఆ సెన్సార్ వేడి ఇంజనును చల్లగా ఉందని అబద్ధం చెబితే కంప్యూటర్ అవసరానికి మించి పెట్రోల్ పోసేస్తుంది.

నాలుగోది, సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు కొంచెమైనా కదులుతోందా? చాలా బళ్లలో సున్నా మీంచి కాస్త లేస్తుంది. అస్సలు కదలకపోతే ఇంజను తిరుగుతున్న ఖబర్ కంప్యూటర్‌కు చేరట్లేదేమో.

తర్వాతి శనివారం ఇంటికొచ్చేటప్పుడు దారిలో పెట్రోల్ బంకు దగ్గర ఆపాల్సి వచ్చింది, బండి మొరాయించింది. సెల్ఫ్ జోరుగానే ఉంది. పంపు గుయ్‌మంది. మూడుసార్లు ఆన్, ఆఫ్ చేసినా ఫాయిదా లేదు. పెట్రోల్ వాసన లేదు. యాక్సిలరేటర్ తొక్కినా లాభం లేదు. ముల్లు సున్నా దగ్గరే చచ్చినట్టు పడి ఉంది. అన్నీ నోట్‌బుక్‌లో ఎక్కించాను. మంగళవారం ఉస్తాద్ చదివి, "క్రాంక్ సెన్సార్ మీద నాకు షక్. రేపు కాదు, గురువారం నువ్వు ఆసుపత్రికి వచ్చేసరికి బండి వేడిగా ఉంటుంది కదా, అక్కడే చూద్దాం. నేను కాస్త ముందొస్తా, శాగిర్ద్‌ను స్కానర్‌తో రమ్మంటా" అన్నారు.

క్రాంక్ సెన్సార్ అంటే ఏమిటో కూడా చెప్పారు. ఇంజనులో పిస్టన్లన్నీ తిప్పే ఇరుసు క్రాంక్ షాఫ్ట్. దానితో తిరిగే పళ్లచక్రం ఒకటి ఉంటుంది. ఆ పళ్లకు ఎదురుగా వేలెడంత సెన్సార్. లోపల ఒక అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి తీగ చుట్ట. ఒక్కో పన్ను దాటినప్పుడల్లా తీగలో చిన్న కరెంటు పుడుతుంది. ఆ నబ్జ్ విని కంప్యూటర్ ఎప్పుడు నిప్పురవ్వ వేయాలో, ఎప్పుడు పెట్రోల్ చల్లాలో తేల్చుకుంటుంది. నబ్జ్ వినపడకపోతే ఇంజను ఆగి ఉందనుకుంటుంది. అప్పుడు రవ్వా ఉండదు, పెట్రోలూ ఉండదు. ఆ రాగి తీగలో వెంట్రుకంత చీలిక ఉంటే చల్లగా ఉన్నప్పుడు కొనలు తగులుకుని ఉంటాయి. వేడికి అన్నీ వ్యాకోచిస్తాయి, కొనలు విడిపోతాయి. చల్లారితే మళ్లీ కలుస్తాయి.

గురువారం ఆరున్నరకు ఆసుపత్రి పార్కింగ్‌లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఉస్తాద్ కూర్చుని ఉన్నారు. బండి ఆపి, అమ్మీని లోపలికి తీసుకెళ్లి, బరువు తూయించి వచ్చేసరికి పావుగంట. తాళం తిప్పితే లేవలేదు. బండి మొరాయిస్తే నాకు ఖుషీ కలగడం అదే మొదటిసారి.

శాగిర్ద్ స్కానర్ తగిలించాడు. సెల్ఫ్ తిరుగుతుంటే తెర మీద ఆర్‌పీఎం సున్నా. ఇంజను వేడి మాత్రం సరిగ్గా చూపిస్తోంది, కాబట్టి ఆ సెన్సార్‌కు మాఫీ. వేరే ప్లగ్గు పెట్టి ఇంజనుకు ఎర్త్ చేసి చూస్తే రవ్వ లేదు. అప్పుడు కూడా ఉస్తాద్ సెన్సార్ తీసేయమనలేదు. "ముందు కనెక్టర్ చూడరా, ఆయిల్ పట్టిందా, పిన్ను వదులైందా. వైరు సైలెన్సర్ పైపుకు తగిలి కాలిందా చూడు" అన్నారు. వైరింగ్ బాగానే ఉంది. ఇక మల్టీమీటర్. మా బండిలోది రెండు వైర్ల రకం. సెన్సార్ పిన్నుల మధ్య కొలిస్తే మీటరు ‘ఓఎల్’ అంది. అంటే తీగ తెగి ఉందని. ఒక గుడ్డ ముక్క చల్లటి నీళ్లలో తడిపి సెన్సార్ ఒక్కదాని మీదే అద్దమన్నారు. రెండుమూడు నిమిషాల్లో మీటరు మీద వందల్లో ఓములు కనిపించాయి. కనెక్టర్ పెట్టి తాళం తిప్పితే ఒక్క సెల్ఫ్‌కే బండి లేచింది.

"అబ్ సబూత్ హై" అని లేచి, ఆయన వంతు మిషన్ మీదికి వెళ్లిపోయారు.

కొత్త సెన్సార్ 1,400 రూపాయలు, శాగిర్ద్ మజూరీ 500. అమ్మీ డయాలిసిస్ పూర్తయ్యేలోపు అదే పార్కింగ్‌లో మార్చేశాడు. తిరిగి వచ్చేటప్పుడు యడ్లపాడు దగ్గర కావాలనే ఆపి, చెట్టు కింద ఇరవై నిమిషాలు ఉండి స్టార్ట్ చేశాను. ఆ తర్వాత నాలుగు వారాలు నోట్‌బుక్‌లో రాస్తూనే ఉన్నాను. ఒక్కసారీ మొరాయించలేదు. అప్పుడే ఆ హిసాబ్ మూసేశాను.

మీ బండికీ ఇదే మర్జ్ అనుకుని క్రాంక్ సెన్సార్ మార్చేయకండి. ఉస్తాద్ గట్టిగా చెప్పిన మాట ఇది. ఆపిన కాసేపటికి స్టార్ట్ కాకపోవడం ఒక్కటే లక్షణం, దాని వెనక సబబులు చాలా. ఒకరికి పంపు, ఒకరికి ఇంజెక్టర్, ఒకరికి ఇగ్నిషన్ కాయిల్, ఒకరికి రిలే. కొన్ని బళ్లలో క్రాంక్ సెన్సారే హాల్ రకంది ఉంటుంది, దాన్ని ఓముల్లో కొలవరు, సిగ్నల్ చూసి తేల్చాలి. డ్యాష్‌బోర్డు మీద ఇంజను లైటు వెలగలేదు కాబట్టి సెన్సార్లు బాగున్నాయనుకోవడమూ తప్పే. మా బండిలో ఒక్కసారి కూడా వెలగలేదు. వేడి ఇంజను మీద బకెట్‌తో నీళ్లు కుమ్మరించవద్దు, లోహం చిట్లుతుంది. వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయవద్దు, ముఖం కాలుతుంది. పెట్రోల్ వాసన వస్తుంటే రవ్వ పరీక్ష జోలికే పోవద్దు.

ఇంకొక మాట, సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లకు. అమ్మేవాళ్లు బండిని పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూపిస్తారు. అందరూ ఐబ్ దాస్తారని కాదు, కొందరికి తెలియకపోవచ్చు కూడా. మీరు మాత్రం అరగంట నడపండి, ఏసీ వేసి నడపండి. తర్వాత ఆపి, పక్కన చాయ్ తాగండి. పావుగంటకు ఒకసారి, అరగంటకు ఒకసారి స్టార్ట్ చేసి చూడండి. రెండు చాయ్‌ల ఖర్చులో తేలిపోయే విషయం ఇది.

ఇల్లాళ్లకు, బండి నడిపే ఆడపిల్లలకు ప్రత్యేకంగా. గ్యారేజీలో "మీవారిని పంపండి" అంటే వెనక్కి తగ్గకండి. బండి ఎక్కడ, ఎప్పుడు, ఎలా మొరాయించిందో చూసింది మీరు. ఆ గవాహీ మీ దగ్గరే ఉంది. తేదీ వేసి రాసుకోండి, ఫోన్‌లో ఆర్‌పీఎం ముల్లు వీడియో తీసుకోండి. వీలైతే మొరాయించిన చోటికే మెకానిక్‌ను పిలవండి. ఏదైనా మారుస్తామంటే ఒకటే సవాల్ అడగండి: ఇదే పాడైందని మీకు ఎలా తెలిసింది? ఆ సవాల్‌కు కోప్పడకుండా మీటరు తెచ్చి చూపించే మనిషి దొరికితే ఆయన నంబరు జాగ్రత్తగా దాచుకోండి.